ఏ ఓడ ఎక్కాలి?

ఇది రామచంద్రపురంలో మా ఇంటి వీధరుగు మీద మా అమ్మకీ బాబాయికీ మధ్య నడిచిన వాదన. అమ్మ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. బాబాయి ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో లస్కరుగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాడు. నాన్నగారికి ఈ ఏడు భీమరథ శాంతి. ఆ పేరు మీద అమ్మనీ నాన్ననీ ఓడ ప్రయాణానికి పంపాలని డల్లాస్‌లో ఉన్న అక్కా నేనూ అనుకున్నాం. విశాఖపట్నం నుంచి వెళ్ళే ఓడా, లేక వాళ్ళు అమెరికా వచ్చినప్పుడు అలాస్కా వెళ్ళే ఓడా అన్నది తేలకముందే బాబాయి అసలు ఓడే వద్దన్నాడు. ఇద్దరూ పట్టుదల మనుషులు, ఇద్దరూ తెలిసి మాట్లాడేవాళ్ళు. ఇలాంటి ప్రయాణం తలపెట్టిన మరో ఇంటికి పనికొస్తుందని ఆ మాటలు రాసి పెడుతున్నాను. వదిన అన్నచోట అమ్మ, మరిది అన్నచోట బాబాయి.

మరిది: ఓడలెందుకు వదినా? కార్తీకం వెళ్ళేసరికి గోదావరి తేటపడుతుంది. రాజమండ్రి నుంచి బస్సులో గండిపోచమ్మ గుడి దగ్గరికెళ్ళి లాంచీ ఎక్కితే పాపికొండలు చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేస్తాం. రాత్రికి అన్నయ్య తన మంచం మీద తను పడుకుంటాడు. డెబ్భై ఏళ్ళ మనిషికి ఇంతకంటే ఏం కావాలండి?

వదిన: మీ అన్నయ్య సంగతి సరే, నా సంగతి అడిగేవా? పాపికొండలు చూసేను, మళ్ళీ చూడమన్నా చూస్తాను. కానీ నాకు సముద్రం మీద ఒక్క రాత్రైనా గడపాలని చిన్నప్పట్నించీ ఉంది. మా తాతగారు బర్మాలోని రంగం వెళ్ళేరు. ఊళ్ళో కాలవ పడవెక్కి కాకినాడ చేరి, అక్కణ్ణించి స్టీమరు మీద వెళ్ళేరు. గది గిది ఏవీ లేదు. డెక్కు మీద చాప పరుచుకోవడం, మూట తల కింద పెట్టుకోవడం. అక్కడ బియ్యం మిల్లులో పని. యుద్ధానికి ముందే వచ్చేసేరు గనక సరిపోయింది, లేకపోతే 1942లో అందర్లాగే అడవుల్లో పడి నడిచి రావాల్సొచ్చేది. ఆ సముద్రం గురించి ఆయన చెబుతుంటే విన్నదాన్ని. నేను దాన్ని చూడకుండా పోవడం నాకిష్టం లేదు.

మరిది: తాతగారు పొట్టకోసం వెళ్ళేరండి. ఇప్పుడు విశాఖలో ఎక్కే ఓడ సముద్రం చూపించడానిక్కాదు. లోపల ఈత కొలను, నాటకాల హాలు, దుకాణాలు, జూదం ఆడే క్యాసినో. అది సముద్రం మీద తేలే హోటలు. హోటల్లో ఉండాలంటే కాకినాడలో లేవా?

వదిన: మరి నీ లాంచీ? ఆదివారం నాడు పైడెక్కు మీద స్పీకర్లు పెట్టి పాటలూ డాన్సులూ. ఏ ఊరు ఎటుందో, ఏ కొండ ఎటుందో చూసేవాళ్ళు ఎందరున్నారు? అక్కడ నదీ లేదు, కొండా లేదు, గోలే ఉంది. ఓడలోనూ గోల ఉంటుంది, కాదనను. కానీ పెద్ద ఓడలో గోల ఒకచోట ఉంటే నేను ఇంకోచోట కూచోవచ్చు. లాంచీలో ఎక్కడికి పోను?

ఈ మాటకి బాబాయి జవాబు చెప్పలేదు. నాకు మాత్రం అమ్మ పట్టుకున్న పాయింటు సరైనదే అనిపించింది. ఓడలో ఏమేం ఉన్నాయని అందరూ అడుగుతారు, వాటి నుంచి ఎంత దూరంగా కూచోవచ్చో ఎవరూ అడగరు. పెద్దవాళ్ళని పంపేటప్పుడు ముందు అడగాల్సింది ఆ రెండోదే.

మరిది: సరే, గోల వదిలేయండి. చూడ్డానికేముంది చెప్పండి. గోదావరి మీద వెళ్తుంటే రెండు పక్కలా ఒడ్డు కదుల్తూనే ఉంటుంది. ఓ రేవు, ఓ గుడి, గేదెల్ని కడుగుతున్న మనిషి, పైకి పోయేకొద్దీ రెండు వైపులా దగ్గరకొచ్చే కొండలు. కన్ను ఖాళీగా ఉండదు. సముద్రంలో తెల్లారి లేస్తే ఏముంటుంది? నీళ్ళు. మధ్యాహ్నం? నీళ్ళు. విశాఖలో సాయంత్రం ఎక్కితే మర్నాడంతా అదే కదా! పుదుచ్చేరి వచ్చేది ఆ తర్వాతే.

వదిన: ఆ మర్నాటి కోసమే వెళ్తానంటున్నాను. నలభై మంది పిల్లల గోల మధ్య బతికినదాన్ని. ఒక రోజు పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కంటి ముందు ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో నాకు కావాలి. నీకు ఒడ్డు కావాలి, నాకు ఒడ్డు లేకపోవడం కావాలి. ఇందులో ఎవరిదీ తప్పు కాదు. కానీ ఇది తేల్చుకోకుండా టికెట్టు కొనేవాళ్ళే వెళ్ళొచ్చి మొహం మాడ్చుకుంటారు. రోజుకో ఊరు చూడాలనుకునేవాడు సముద్రంలోనే రెండ్రోజులుండే ఓడెక్కితే విసుగు. నాలాంటిది రోజుకో రేవులో ఆగే ఓడెక్కితే దిగడానికీ ఎక్కడానికే సరిపోతుంది.

మరిది: అంత ఓపికగా నదే చూడాలనుకునేవాళ్ళకి గంగ మీద ఓ ఓడ ఉందట కదా.

వదిన: గంగా విలాస్. 2023 జనవరిలో వారణాసిలో బయలుదేరి దిబ్రూగఢ్ దాకా, 51 రోజులు, 3,200 కిలోమీటర్లు. 18 గదులే, 36 మందే. బంగ్లాదేశ్ మీంచి వెళ్ళింది. యాభై రోజులు ఇల్లు వదిలి ఎవరుంటారు? మన తాహతుకి అందేది కాదు, పక్కన పెట్టు.

మరిది: సరే పెట్టేను. ఇప్పుడు ఈ విశాఖ ఓడ ఎంతది?

వదిన: 2022 జూన్‌లో మొదటిసారి వచ్చింది, కార్డీలియా కంపెనీది. పేరు ఎంప్రెస్. 2025లోనూ వచ్చి వెళ్ళింది. 1990లో ఫ్రాన్సులో కట్టిన ఓడ అది. ముందు పేరు నార్డిక్ ఎంప్రెస్. రాయల్ కరీబియన్ గ్రూపు వాళ్ళు ముప్ఫై ఏళ్ళు తిప్పి తర్వాత అమ్మేసేరు. టన్నేజి 48,563. అంటే బరువనుకునేవు, కాదు. ఓడ లోపల మూసి ఉన్న చోటు ఎంతో చెప్పే లెక్క అది. టైటానిక్ 46,328. ఇది దానికంటే కాస్త పెద్దది. పద్దెనిమిది వందల మంది దాకా పడతారు. ఇప్పుడు ప్రపంచంలో కడుతున్న వాటితో పోలిస్తే చిన్నదే. 2024 జనవరిలో తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ దీనికి అయిదు రెట్లు. నిండితే 7,600 మంది.

మరిది: ఏడు వేల ఆరు వందల మందా! ఊళ్ళకి ఊళ్ళే కదండీ. ముప్ఫై అయిదేళ్ళ పాత ఓడని పెద్దవాళ్ళు ఎక్కొచ్చా?

వదిన: పాతదైతే ఏం? రంగులు మాసి ఉంటాయి, గదులు ఇరుకు. ఇలాంటి ఓడలకి లెక్క ప్రకారం తనిఖీలుంటాయి, సర్టిఫికెట్లు లేనిదే రేవు వదలనివ్వరు. నేను చూసుకునేది వేరు. చిన్న ఓడలో భోజనాల హాలు దగ్గర, లిఫ్టు దగ్గర, నడక తక్కువ. పెద్ద ఓడ తక్కువ ఊగుతుంది. కానీ ఒక చివర గదిచ్చేరనుకో, కాఫీకి వెళ్ళి రావడానికే మీ అన్నయ్య మోకాళ్ళు పట్టేస్తాయి. ఆయనకి నేను చూడాల్సింది ఓడ వయసు కాదు, లిఫ్టుకీ గదికీ మధ్య దూరం.

ఇక్కడిదాకా వాదన తీరుబడిగా నడిచింది. తర్వాత అమ్మ ఒక మాటంది. దాంతో బాబాయి గొంతు మారిపోయింది.

వదిన: అన్నీ సరే అబ్బాయ్. నువ్వు ఇంత ధైర్యంగా నన్ను గోదావరి మీదికి రమ్మంటున్నావే, కచ్చులూరు మర్చిపోయేవా?

మరిది: మర్చిపోతానా వదినా! 2019 సెప్టెంబరు 15, ఆదివారం. రాయల్ వశిష్ట. డెబ్భై మందికి పైగా ఎక్కేరు. కచ్చులూరు మందం దగ్గర గోదావరి కొండల మధ్య ఇరుకవుతుంది, అడుగున లోతెక్కువ, సుడులు తిరుగుతుంటుంది. ఇరవై ఆరుగురు బతికేరంటే తూటుగుంట ఊరివాళ్ళు నాటుపడవలేసుకుని వెళ్ళబట్టే. పడవని పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం గారి మనుషులొచ్చి తాళ్ళూ లంగర్లూ వేసి లాగేరు. ఆ రోజు ధవళేశ్వరంలో వదిలే నీళ్ళెంతో తెలుసాండి? సుమారు 5 లక్షల క్యూసెక్కులు. మా దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎప్పుడు ఎగరేస్తారు? మట్టం 11.75 అడుగులకొచ్చినప్పుడు, నీళ్ళు 10 లక్షల క్యూసెక్కులైనప్పుడు. అంటే మొదటి హెచ్చరికలో సగం నీళ్ళకే అది జరిగింది. ఎందుకంటే ఆ హెచ్చరిక లంకల్లో ఉండేవాళ్ళ కోసం, గట్ల కోసం. లాంచీ మీద విహారానికెళ్ళేవాళ్ళ కోసం పెట్టింది కాదు. హెచ్చరిక లేదు కదా అని పడవ వదిలితే ఎలాగండి? గోదావరి ఎరుపెక్కి ఉన్నంతకాలం విహారం లేదంతే.

వదిన: నువ్వే చెబుతున్నావుగా, వదిలేవాళ్ళు వదిలేరు, ఎక్కేవాళ్ళు ఎక్కేరు.

మరిది: అందుకే చెబుతున్నాను, పడవ కంటే ముందు నెల చూసుకోవాలని. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. అప్పుడు ఆ మందం దగ్గర కూడా నీరు నిదానంగా ఉంటుంది. తర్వాత పడవ. రెండంతస్తుల లాంచీలో అందరూ పైడెక్కు ఎక్కేస్తే బరువంతా పైకి పోతుంది. నెత్తిన నిండు బిందె పెట్టుకున్న మనిషి కాలు తడబడితే ఎలా తూలుతుందో అలా తూలుతుంది. అదే మంది కింద కూచుంటే పడవ నిలకడగా ఉంటుంది. కొండ కనిపించిందని అందరూ ఒక పక్కకి ఉరికినా అంతే. సరంగు ఎంత గట్టివాడైనా నూరు మంది ఒక్కసారి కదిల్తే ఏం చేస్తాడు? నేను లాంచీ ఎక్కగానే చూసేది మూడు. ఎంతమందికి అనుమతో రాసిన బోర్డు. సరంగు మందు కొట్టకుండా మెలకువగా ఉన్నాడా అన్నది. తర్వాత లైఫ్ జాకెట్లు మూటకట్టి మూలన పడేసేరా, మనిషికొకటి చేతికిస్తున్నారా అన్నది. ఉక్కగా ఉందని విప్పేసి సీటు మీద పెట్టుకునేవాళ్ళని ఎందర్ని చూసేనో. సీటు మీదున్న జాకెట్టు సీటుని కాపాడుతుంది, మనిషిని కాదు.

వదిన: ఆ తర్వాత ఏవైనా మారిందా?

మరిది: మారింది. చాలాకాలం లాంచీలు ఆపేసేరు. తర్వాత కంట్రోల్ రూములు పెట్టేరు, గండిపోచమ్మ దగ్గర, పేరంటాలపల్లి దగ్గర, ఇంకా కొన్ని చోట్ల. ఎవరెవరు ఎక్కేరో రాసుకుని, నీటి మట్టం చూసి వదలాలి. నేను అదే అంటాను వదినా. పడవ మంచిదా చెడ్డదా అన్నది తర్వాత. ఈరోజు వద్దు అని చెప్పగలిగిన మనిషి ఆ రేవులో ఉన్నాడా లేడా? చెబితే పడవవాడు వింటాడా? అది ముందు తెలుసుకోండి. 2018లో కొండమొదలు లాంచీ, అదే ఏడు జూలైలో పశువుల్లంక దగ్గర బడిపిల్లల నాటుపడవ మునిగేయి. పశువుల్లంక మనకెంత దూరం? అక్కడ కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుంది. అవి విహారాలు కావు, పాపం వాళ్ళకి వేరే దారి లేదు. మనకి దారుంది. మానేయచ్చు. ఆ అవకాశం ఉన్నవాళ్ళం వాడుకోకపోతే ఎలా?

వదిన: ఈ మాట నాకు నచ్చింది. ఇదే కొలత నా ఓడకీ పెట్టు మరి. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కంకార్డియా బండకి కొట్టుకుని ఒరిగింది. 32 మంది పోయేరు. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి లైఫ్ జాకెట్టు ఎక్కడుందో, ఏ పడవ దగ్గరికి పోవాలో ఇంకా చూపించనే లేదు. ఎందుకంటే ఎక్కిన 24 గంటల్లోపు చూపిస్తే చాలని అప్పటి నిబంధన. తర్వాత దాన్ని మార్చేరు. 2015 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ఆ డ్రిల్లు చేసి తీరాలి. ప్రపంచమంతటికీ ఒకటే నిబంధన. రాని ప్రయాణికుణ్ణి వెతికి పట్టుకొస్తారు. సముద్రం మీద వద్దని చెప్పే మనిషి ఉన్నాడు. అతనే కెప్టెను. గాలి ఎక్కువుంటే రేవులో ఆగకుండా పోతాడు.

మరిది: ఆగకుండా పోతే డబ్బులు కట్టినవాళ్ళు ఊరుకుంటారా?

వదిన: గొడవ చేస్తారు. చెయ్యకూడదు. గాలికి భయపడి రేవు వదిలేసిన కెప్టెనే మనకి కావాల్సిన కెప్టెను. ఓడ కంపెనీకి రేవు మార్చే హక్కుందని టికెట్టు మీద రాసే ఉంటుంది. ఎవరూ చదవరు.

మరిది: గాలికే కాదు, సర్కారు కాదన్నా మారుతుంది. మీ విశాఖ ఓడ మొదటి ఏడు పుదుచ్చేరి వెళ్తే, జూదం ఉన్న ఓడ మాకొద్దని అక్కడి ప్రభుత్వం రానివ్వలేదు. మన యానాం ఏ ప్రభుత్వం కిందుందో ఆ ప్రభుత్వమే. యానాంలో అందరూ దాని గురించే మాట్లాడుకునేరు. పుదుచ్చేరి చూద్దామని కొన్నవాళ్ళ గతేంటండి?

వదిన: అరవిందాశ్రమం చూడాలనుంటే రైలెక్కి వెళ్ళాలి. ఓడ టికెట్టు ఓడ కోసం కొనాలి, ఊరి కోసం కాదు. ఊరు కలిసొస్తే మంచిదే. ఇంకో సంగతి నీకు చెప్పలేదు. పుదుచ్చేరిలో అంత ఓడ ఒడ్డుకి రాదు. దూరంగా సముద్రంలో నిలబడితే చిన్న పడవల్లోకి దిగి వెళ్ళాలి.

మరిది: కాకినాడ యాంకరేజి పోర్టులో బియ్యం ఓడలు బయటే నిలబడితే బార్జీలు వెళ్తాయే, అలాగా! ఐతే అన్నయ్య దిగలేడు వదినా. మనకి హోప్ ఐలాండ్ అడ్డుంది గనక లోపల అల తక్కువ. అయినా సరే బార్జీకీ ఓడకీ మధ్య సందు పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. కుర్రకూలీలే చూసి చూసి కాలు వేస్తారు. పట్టేసిన మోకాళ్ళతో ఎలాగండి?

వదిన: దిగరు. ఊళ్ళోకెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్తారు, మేం పైనే ఉంటాం. ఖాళీ అయిన ఓడలో లిఫ్టులు ఖాళీ, డెక్కు ఖాళీ. ఆ పూటే ఓడ బాగుంటుందట. అందుకే ఏ రేవులో ఓడ గట్టుకి ఆనుకుంటుందో, ఏ రేవులో దూరంగా నిలబడుతుందో ముందే అడిగి రాసుకునేను. విశాఖలో బాధ లేదు, 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచేరు.

మరిది: వాంతుల మాటేమిటి? అన్నయ్య కోటిపల్లి పంటి ఎక్కితేనే కళ్ళు తిరుగుతున్నాయంటాడు.

వదిన: దానికి గది ఎంచుకోవడంలోనే ఉపాయం ఉంది. అల వచ్చినప్పుడు ఓడ ముందు కొసా వెనక కొసా ఎక్కువ లేచి పడతాయి. నడిమధ్య తక్కువ. పై డెక్కులు ఎక్కువ ఊగుతాయి, కిందివి తక్కువ. అందరూ బాల్కనీ గది కోసం ఎగబడి పైన తీసుకుంటారు, ఖరీదూ ఎక్కువే. నేను కింది డెక్కులో, నడిమధ్య, కిటికీ ఉన్న గది తీసుకుంటాను. కిటికీ లేని గదులు ఇంకా చవక. కానీ పొద్దెక్కిందో లేదో తెలీని గదిలో మీ అన్నయ్య ఉండలేరు. మందు మింగేదేదో ఊగుడు మొదలయ్యేక కాదు, ఓడెక్కకముందే. ఏ మందన్నది మన డాక్టరుగారిని అడగాలి, బీపీ మాత్రలూ షుగరు మాత్రలూ వాడుతున్న మనిషి గనక. ఆ మాత్రలన్నీ చేతిసంచీలో ఉండాలి. పెద్ద సామాను ఎక్కేటప్పుడే తీసుకుని ఎప్పటికో గదికి చేరుస్తారు. గది మీదో కిందో పాటల హాలు లేకుండా చూసుకోవాలి. ఇవన్నీ ఓడ పటంలో కనిపిస్తాయి. పిల్లలు ఫోటోలు చూపిస్తే నేను పటం చూపించమన్నాను.

మరిది: డబ్బు?

వదిన: రాసింది ఒకటి, కట్టేది ఒకటి. ప్రకటనలో ఉండేది గదిలో ఇద్దరుంటే మనిషికి పడే లెక్క. దాని మీద రేవు రుసుములు, పన్నులు, సిబ్బందికిచ్చే సర్వీసు చార్జీ. ఒంటరిగా వెళ్ళేవాళ్ళ దగ్గర రెండో మంచానికీ చాలా వరకు వసూలు చేస్తారు. అన్నీ కలిపి రాత్రికెంత పడిందో భాగించి చూసుకోవాలి. మన ఓడైతే శాకాహారానికి లోటు లేదు, ఉల్లి వెల్లుల్లి లేని జైన్ వంట కూడా ఉంటుంది. అన్నం, చారు, పెరుగు దొరికితే మీ అన్నయ్య దేశాలేలేస్తారు. అసలు భయం మిఠాయిల బల్ల దగ్గరే.

డల్లాస్ అక్క ఫోన్లో కలిసింది అప్పుడే. అలాస్కా మాట వచ్చింది. నేను బాబాయి ఎదురు తిరుగుతాడనుకున్నాను. జరిగింది వేరు.

మరిది: అలాస్కా అంటే మంచు సముద్రం కదండీ. అక్కడికెందుకు ఈ వయసులో?

వదిన: ఎక్కువగా మే నుంచి సెప్టెంబరు దాకా తిరుగుతాయి ఆ ఓడలు. పిల్ల చెప్పింది విను. రెండు దారులున్నాయి. సియాటిల్‌లో ఎక్కితే చాలా ఓడలు వాంకూవర్ దీవికి పడమర పక్కగా, బయటి సముద్రం మీంచి వెళ్తాయి. అక్కడ అల ఉంటుంది. కెనడాలో వాంకూవర్ నుంచి ఎక్కితే దీవికీ నేలకీ మధ్య సందులోంచి పోతాయి. ఇన్‌సైడ్ పాసేజ్ అంటారు. రెండు పక్కలా కొండలు, దేవదారు చెట్లు, నిలిచిన నీళ్ళు. రోజంతా ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది.

మరిది: రెండు పక్కలా కొండలా? ఐతే అది ఓడ ఎక్కి చూసే పాపికొండలు. వదినా, ఎక్కితే అది ఎక్కండి. విశాఖది వదిలేయండి.

వదిన: నీకు నచ్చేది అదేనని నాకు తెలుసు. కానీ చిక్కుంది. రెంటిలో ఏది ఎక్కినా మాకు కెనడా వీసా కావాలి. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ ఓడ అమెరికా రేవులో మనుషుల్ని ఎక్కించుకుని మళ్ళీ అమెరికా రేవులోనే దింపాలంటే మధ్యలో పరాయి దేశపు రేవు ఒకటి తగలాలి. అందుకే సియాటిల్ ఓడలు కూడా కెనడాలో విక్టోరియా దగ్గర ఓ పూట ఆగుతాయి. అమెరికన్ పాస్‌పోర్టున్న అల్లుడికి ఆ బాధ లేదు. మన పాస్‌పోర్టుకి దిగినా దిగకపోయినా వీసా కావాలి. అది చూసుకోకుండా టికెట్లు కొంటే రేవులోనే ఆపేస్తారు. వైద్యానికి ఇన్సూరెన్సు వేరే. నడిసముద్రంలో ఏమైనా అయితే హెలికాప్టరు పిలిపించే ఖర్చు ఎవరు పెడతారు?

మరిది: మరి ఏది తేల్చేరు?

వదిన: విశాఖే. నాకు కావాల్సింది బంగాళాఖాతం. అలాస్కా ఎంత అందమైనా మా తాతగారు చూసిన నీళ్ళు కావవి.

దీని మీద బాబాయి చాలాసేపు వాదించాడు. జూన్‌లో అరేబియా సముద్రం పోటెత్తుతుంది గనకే ముంబయి వైపు తిరిగే ఓడ ఆ నెలల్లో చెన్నైకి వస్తుందనీ, మన వైపు కూడా వానాకాలంలో వాయుగుండాలు తప్పవనీ, అందుకే టికెట్టు రద్దయితే డబ్బులెప్పుడిస్తారో కాగితం మీద చూడాలనీ అన్నాడు. అమ్మ అన్నీ రాసుకుంది, మనసు మాత్రం మార్చుకోలేదు. నా మటుకు నాకు అమ్మ ఎంపిక సరైందనే అనిపిస్తోంది. ఏడు రాత్రుల ఓడ కంటే మూడు నాలుగు రాత్రుల ఓడతో మొదలుపెట్టడం పెద్దవాళ్ళకి మేలు. సరిపడకపోతే ఇంటికి ఒక్క రాత్రి దూరంలో ఉంటారు. పైగా తెలుగు వినిపించే ఓడలో నాన్న నలుగురితో మాట్లాడతారు. సౌకర్యాల పట్టికలో ఇది ఎవరూ రాయరు, కానీ ఆయన రోజంతా గదిలో ముడుచుకుంటారా, డెక్కు మీద నలుగురి మధ్యా కూచుంటారా అన్నది దీనితోనే తేలిపోతుంది. 1973లో వచ్చిన అందాల రాముడులో లాంచీ భద్రాచలం చేరేదాకా మనం విసుగు లేకుండా చూశామంటే అందులో ఉన్న మనుషుల వల్లే కదా.

మరిది: ఒక్క మాట వింటారా వదినా? మీ ఓడ వచ్చే ఏడు కాకపోతే పైయేడైనా వస్తుంది. ఇది కాకపోతే ఇంకోటి. సముద్రం ఎక్కడికీ పోదు. పాపికొండలు అలా కాదు. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఇప్పటికే కాఫర్ డ్యాం వెనక నీళ్ళు ఎగదన్ని దేవీపట్నం మండలంలో ఊళ్ళు ఖాళీ అయిపోయేయి. గండిపోచమ్మ అమ్మవారి గుడిలోకి నీళ్ళు రావడం మీరు టీవీలో చూసేరుగా. ఒకప్పుడు రాజమండ్రి పుష్కరాల రేవులో ఎక్కితే పట్టిసీమ మీంచి తిన్నగా వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు డ్యాముకి పైన ఎక్కాలి. కొల్లూరు ఇసక తిన్నె మీద వెదురు గుడిసెల్లో పడుకున్నాం గుర్తుందా? నిండా నీళ్ళు నింపేక కొండలు ఉంటాయి, పడవలూ ఉంటాయి. కానీ ఆ తిన్నెలూ, రేవులూ, కొండ అడుగున ఉన్న ఊళ్ళూ ఉండవు. రైతుకి నీళ్ళు రావాలి, నేను కాదనను. బతుకంతా నీళ్ళు వదిలిన చేతులివి. కానీ ఉన్నప్పుడు చూసి రావాలి కదా. అన్నయ్య కూడా ఆ ఒడ్లు చూడాల్సిన మనిషి. చిన్నప్పుడు భద్రాచలం నుంచి తెప్పలు కట్టి దింపిన వెదురు రాజమండ్రిలో బేరం చేయడానికి మా నాన్నతో వెళ్ళేవాడు.

వదిన: ఈ సంగతి మొదటే చెప్పొచ్చుగా! ఇంతసేపూ సాయంత్రానికి తిరిగొస్తాం, మంచం మీద పడుకుంటాడు అన్నావు. నేను సుఖం కోసం అడుగుతున్నానా?

మరిది: చెప్పేవాణ్ణే. ఏడుస్తారని చెప్పలేదు.

వదిన: ఏడవను. ఎప్పుడు వెళ్దాం?

మరిది: జనవరి. సంక్రాంతి రద్దీ తగ్గేక. ఆదివారం వద్దు, బుధవారమో గురువారమో. అప్పుడు పాటల మోత తక్కువ, జనమూ తక్కువ. టూరిజం లాంచీ ఉందేమో చూస్తాను. లేకపోతే ప్రైవేటుదైనా కింది డెక్కులో గాలాడేది, మరుగుదొడ్డికి మెట్లు లేనిది. ముందు నేనొక్కణ్ణీ వెళ్ళి రేవు చూసొస్తాను. ఒడ్డు నుంచి పడవలోకి పలక వేస్తారు. అన్నయ్య దాని మీద నడవగలడా, పక్కన పట్టుకోవడానికి కర్ర ఉందా అన్నది చూడాలి.

వదిన: చూడు. జూన్‌లో నా ఓడకి నువ్వూ వస్తావా? మూడో మంచం ఉన్న గది తీసుకుంటే మూడో మనిషికి తక్కువే పడుతుందట. నేను డెక్కు మీద కూచున్నప్పుడు మీ అన్నయ్యకి తోడుండాలి.

మరిది: రాను వదినా. అడుగు కనపడని నీళ్ళ మీద నాకు నిద్ర పట్టదు.

వదిన: గోదావరి అడుగు కనపడుతుందా?

మరిది: కనపడదు. కానీ ఎన్ని అడుగులుందో నాకు తెలుసు.

వదిన: అయితే మూడో మంచానికి ఇంకెవరినైనా రమ్మంటాను. నువ్వు జనవరి తేదీ చూసి చెప్పు, మీ అన్నయ్య మోకాలి డాక్టరు దగ్గరికి ఆ వారంలో వెళ్ళకుండా చూసుకోవాలి.